తప్పు పట్టుకుంటే చాక్‌పీసు

మా ఆఫీసులో తయారైన పాఠాలను ఊరూరా పిల్లలు ఆన్‌లైన్‌లో చూసేవాళ్ళు. మా ఆఫీసులో మాత్రం ఇంటర్నెట్ ఉండేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. నాంపల్లి స్టేషన్‌కి కూతవేటు దూరంలో, ఒక పాత సర్కారు భవనంలో, మెట్ల కింద గది మాది. రోడ్డు తవ్వినప్పుడల్లా కేబుల్ తెగేది. తవ్వని రోజుల్లో ఆ పని ఎలుకలు చూసుకునేవి. అందుకని రికార్డు చేసే సాఫ్ట్‌వేరు, కోసి అతికించే సాఫ్ట్‌వేరు, ప్రశ్నలు తయారుచేసే సాఫ్ట్‌వేరు, అన్నీ నెట్ లేకుండా పనిచేసేవే పెట్టుకున్నాం. పాఠం పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని లక్డీకాపూల్‌లోని పెద్దాఫీసుకి పట్టుకుపోతే అక్కడివాళ్ళు నెట్‌లోకి ఎక్కించేవాళ్ళు. అంటే ఆన్‌లైన్ చదువు ముందు ఆటో ఎక్కేదన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మేనకోడలు ఈ మధ్యనే ఏదో పాఠాలు తయారుచేసే కంపెనీలో చేరింది. మొన్న వచ్చి, “అత్తా, పాఠంలో ఒక్క క్షణం ఖాళీ కనబడినా తీసెయ్యమంటున్నారు. లేకపోతే పిల్లలు వేరే వీడియోకి పోతారట,” అంది. నాకు ఒళ్ళు మండింది. కానీ తిట్టి లాభం లేదు, తనకు పైవాళ్ళు చెప్పిందే తను చేస్తుంది. అందుకని దానికి చెప్పిన కథే, దాని వయసులో ఉన్న మీకూ చెబుతున్నాను.

ముందు నా సంగతి. టైపిస్టుగా చేరి, మిషన్లు మారినప్పుడల్లా వాటితో పాటు మారుతూ, ఆఖరికి ఆ మెట్ల కింది గదికి ఇన్‌చార్జిని అయ్యాను. ఉండేది గౌలిగూడ. మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణంలో గుమాస్తా. అక్కడ బస్తాలు దింపే గోలలో అరిస్తే తప్ప మాట వినబడదు, ఆ గొంతే నాకూ వచ్చింది. ఆఫీసులో నా వెనక నన్ను ‘నోరున్న మేడం’ అనేవాళ్ళని నాకు తెలుసు. అననీ. ఆ నోరు లేకపోతే ఆ గదికి ఫ్యాను కూడా వచ్చేది కాదు.

బడులు మూతపడ్డ రోజులవి. పాఠాలు కావాలి, వెంటనే కావాలి, అన్ని క్లాసులకూ కావాలి అని పైనుంచి ఒకటే తొందర. గోడల నిండా కోడిగుడ్ల ట్రేలు అంటించి, తలుపుకి రెండు కంబళ్ళు వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టాం. అయినా స్టేషన్‌లో రైలు కూత పెడితే కంబళ్ళను లెక్కచెయ్యకుండా లోపలికి వచ్చేసేది.

మా ఎడిటర్‌ది ఆబిడ్స్. అక్కడ ఒక సందులో పెళ్ళి వీడియోల స్టూడియో నడుపుకునేవాడు. పెళ్ళిళ్ళు ఆగిపోయేసరికి షట్టర్ దించేసి మా దగ్గర కాంట్రాక్టు మీద చేరాడు. పనిమంతుడు, మంచి మనసున్నవాడు, కానీ చేతికి పెళ్ళి అలవాటు పోలేదు. చేరిన కొత్తలో త్రిభుజాల పాఠం ఇస్తే, ఒక త్రిభుజం నుంచి రెండోదానికి వెళ్ళే మధ్యలో రెండు గుండె బొమ్మలు ఒకదాన్నొకటి ఢీకొట్టి గులాబీ రేకులు రాలాయి.

“ఏందయ్యా ఇది? త్రిభుజాలకు పెండ్లి చేస్తున్నవా?” అన్నాను.

“జర కలర్‌గ ఉంటదని పెట్టిన మేడం. ఉత్తగ కట్ చేస్తే ఏడ్చినట్టుంటది,” అన్నాడు ఏమాత్రం తొణక్కుండా.

ఇక లెక్కల సారు. ఆయనది మెదక్ వైపు. మిషన్ బడిలో చదువుకుని, నాంపల్లి దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో ఉద్యోగకాలమంతా లెక్కలు చెప్పారు. అన్నం తినేముందు టిఫిన్ డబ్బా మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. అది అయ్యేలోపు మా ఎడిటర్ ఆ డబ్బాలోంచి ఒక బజ్జీ లాగేసేవాడు. సారు కళ్ళు తెరవకుండానే, “ఆమెన్. ఇంకోటి గూడ తీస్కో,” అనేవారు.

ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. పదో తరగతి లెక్కలన్నీ ఆయన చేతే చెప్పించాలని నిర్ణయమైనప్పుడు ఆ మనిషి పడిన సంబరం ఇంకా నా కళ్ళ ముందుంది. “నేను పోత గని నా పాఠం ఉంటదమ్మా. గంతకన్న నాకేం గావాలె,” అన్నారు. ఆయనకి కావలసింది నిజంగా అదొక్కటే.

ఆయన పాఠం చెప్పే పద్ధతి మాకు మొదటిరోజే తెలిసింది. బోర్డు మీద 2(x + 3) = 16 అని రాశారు. దాని కింద నిబ్బరంగా 2x + 3 = 16 అని రాశారు. బ్రాకెట్ బయట ఉన్న రెండుతో లోపలున్న మూడుని కూడా గుణించాలి కదా, అక్కడ ఆరు రావాలి. చిన్నప్పుడు లెక్కలతో నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు, అయినా అంతమాత్రం నాకూ తెలుసు. సారు మాత్రం చాక్‌పీసు కింద పెట్టి, చేతులు కట్టుకుని, కెమెరా వైపు చూస్తూ నిలబడిపోయారు. ఒక్క మాట లేదు. పాపం పెద్దాయన, మరిచిపోయినట్టున్నారు అనుకున్నాను.

“సార్, జర ఆపుదామా? రెండో లైన్ల తప్పు పడ్డది,” అన్నాను మెల్లగా.

ఆయన మొహం వెలిగిపోయింది. “పట్టుకున్నవా! శభాష్ అమ్మా!” అంటూ వచ్చి, డబ్బాలోంచి కొత్త చాక్‌పీసు తీసి నా చేతిలో పెట్టారు. నేను తెల్లమొహం వేశాను.

అప్పుడు చెప్పారు. “పిల్లలకు లెక్క నేర్పుడు కష్టం గాదమ్మా. సారూ, గాడ తప్పున్నది అని నోరు తెరిచి చెప్పుడు నేర్పాలె చూడు, గది కష్టం. అందుకని రోజుకొక తప్పు కావాలని చేస్త. ఎవరు పట్టుకుంటే వాళ్ళకు చాక్‌పీసు.”

“ఎవ్వరు పట్టుకోకుంటే?”

“కొంచెంసేపు చూస్త. మల్ల సప్పుడు చెయ్యకుంట తుడిచి, సరిగ్గ రాస్త. నోటితోని చెప్తే పట్టుకోని పిల్లకు చిన్నతనమైతది గద.”

ఆయన దగ్గర చదివినవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఒకసారి ఆబిడ్స్‌లో బట్టల షాపుకి వెళితే అక్కడి సేల్స్‌మన్ ఈయన్ని చూసి చీరలు పక్కన పడేసి, “నావి మూడు చాక్‌పీసులు సార్!” అని వేళ్ళెత్తి చూపించాడట. ఆ మాట చెప్పి సారు ఒక పూటంతా నవ్వుకున్నారు.

కెమెరా ముందు కూడా ఆయన పద్ధతి మారలేదు. తప్పు రాసేవారు, చూసేవారు, నోరు మెదపకుండా తుడిచి, సరైనది రాసి, తరవాత లైనుకి వెళ్ళేవారు. బాగానే ఉంది. ఇంతలో పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. పాఠాలు పొడుగైపోతున్నాయి, పిల్లల ఫోన్లలో డేటా అయిపోతోంది, కుదించండి అని. మా సాఫ్ట్‌వేరుకి కీబోర్డు మీద ఒక మీట ఉంది. అది నొక్కితే వీడియోలో మాట వినబడని చోటల్లా తనే వెతికి, బొమ్మతో సహా కోసేస్తుంది. పెళ్ళి వీడియోలు చేసినవాడికి అది దొరికితే ఊరుకుంటాడా? సారు పాఠాలన్నిటి మీదా నడిపించేశాడు.

“చూడున్రి మేడం, ఎంత సన్నగైనయో!” అని చూపించాడు. మొదలు చూశాం, చివర చూశాం, భేషుగ్గా ఉంది అనుకున్నాం, ఆటో ఎక్కించాం.

జరిగింది మీకు అర్థమయ్యే ఉంటుంది. సారు చూసిన చూపు పోయింది. తుడిచింది పోయింది. సరిచేసి రాసింది పోయింది. మిగిలిందేమిటంటే, ఒక పెద్దమనిషి నిబ్బరంగా 2x + 3 = 16 అని రాయడం, మరుక్షణం ఎవరూ ముట్టుకోకుండానే బోర్డు మీది మూడు ఆరైపోయి, గాల్లోంచి తెచ్చినట్టు x = 5 రావడం. ఎవరో తండ్రి ఆ మూడు ఉన్నంతవరకు ముక్కను ఫోన్లో పట్టి, సర్కారు సారుకి గుణకారం రాదు అని రాసి గ్రూపుల్లో పెట్టాడు. సాయంత్రానికల్లా అది ఊరంతా తిరిగి మా ఇంటి గ్రూపులోకే వచ్చింది. మా ఆడపడుచు కింద నవ్వే బొమ్మలు కూడా పెట్టింది.

మర్నాడు సారు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పాఠం మొత్తం చూశారు. కోపం లేదు, అయోమయం ఉంది.

“నేను ఆగింది ఏది? తుడిచింది ఏది?”

ఎడిటర్ నీళ్ళు నమిలాడు. “సప్పుడు లేని జాగ అని... తీసేసిన సార్.”

సారు వీడియో ఆపారు. “గా సప్పుడు లేని జాగనే పాఠం బిడ్డా,” అన్నారు. ఎడిటర్ ఏడ్చేశాడు. పెద్దాఫీసుకి పోయి తప్పు తనదేనని ఒప్పుకుంటానన్నాడు.

“నువ్వు కాంట్రాక్టోనివి, ఒక్క మాటతోని ఇంటికి పంపుతరు,” అన్నారు సారు. “నన్నేం జేస్తరు? నేనెట్లనన్న పోయేటోన్నే. ఊకో.”

లక్డీకాపూల్‌లో మమ్మల్ని పిలిచిన అధికారి ఒక ఆవిడ. కచ్చితమైన మనిషి, కానీ చెప్పేది వినకుండా తీర్పు చెప్పే రకం కాదు. ఫోన్లో ఆ ముక్క మాకు చూపించి, పక్కన పెట్టింది.

“మాస్టారూ, మీరంటే నాకు గౌరవం ఉంది. కానీ ఇది చూసి అడిగేవాళ్ళకి నేనేం చెప్పాలి? మీ పాఠాలన్నీ తీసేసి, ఇంకొకరి చేత చెప్పిద్దామనుకుంటున్నాం.”

“రాసింది నా చెయ్యే మేడం,” అన్నారు సారు. పెన్‌డ్రైవ్ పెట్టుకుని వచ్చిన చిన్న డబ్బా రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుని కూర్చున్నారు. అంతమంది పిల్లలకి నోరు తెరవడం నేర్పిన మనిషి అలా కూర్చుంటే ఇక ఆగలేకపోయాను. ఆయన పద్ధతేమిటో, మా మీట ఏం చేసిందో, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నా గొంతు వరండాలోకి కూడా వినబడి ఉంటుంది.

ఆవిడ అంతా విని ఒకటే అడిగింది. “క్లాసులో అయితే సరే. పిల్లవాడు తప్పు అంటే వినడానికి సారు ఎదురుగా ఉన్నారు. ఫోన్లో పిల్లవాడు తప్పు అంటే ఎవరు వింటారు? వినేవాళ్ళు లేనప్పుడు తప్పు తప్పుగానే మిగిలిపోతుంది కదా?”

కొంచెం గడువు ఇమ్మని బతిమాలాను. ఇచ్చింది, కానీ గట్టి షరతు మీద ఇచ్చింది. “చేసి చూపించండి, నేనే నాంపల్లి వచ్చి చూస్తాను. ఈలోగా ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా ఇక మాటల్లేవు. అన్నీ తీసేస్తాం.”

అక్కడినుంచి నాంపల్లి దాకా నడిచే వచ్చాం. దారిలో ఇరానీ చాయ్ దగ్గర ఆగాం. సారు సాసర్ చేతిలో పట్టుకుని, “గా మేడం మాటల తప్పు లేదమ్మా. ఫోన్ వింటదా?” అన్నారు. ఆయన అలా ఒప్పేసుకోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

మేం మొదట చేసింది పిచ్చి పని. తప్పు లైను మీద ఎర్రటి ఇంటూ గుర్తు పెట్టాం. సారు చూసి, “ముందుగాలనే చెప్పేస్తే పట్టుకునుడేముంటది? దొంగ మెడల దొంగ అని బోర్డు ఏస్తే పోలీసోడెందుకు?” అన్నారు. నిజమే. తీసేశాం.

మా దగ్గర ప్రశ్నలు తయారుచేసే సాఫ్ట్‌వేరు ఉందన్నాను కదా. దాన్ని పాఠం చివర నాలుగు జవాబుల ప్రశ్నలు పెట్టడానికే వాడేవాళ్ళం. ఒక మధ్యాహ్నం దాంట్లో ఎన్నడూ తెరవని మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూస్తూ కూర్చున్నాను. చిన్నప్పుడు అమ్మ లేనప్పుడు బీరువా సర్దినట్టు. అందులో కనబడింది. వీడియోని మధ్యలో ఎక్కడైనా ఆపవచ్చు. ఆగిన బొమ్మ మీద పిల్లలు వేలు పెట్టి ఒక చోటు చూపించవచ్చు. ఏ చోటు ముట్టుకుంటే ఏ మాట వినబడాలో మనమే పెట్టవచ్చు. మెమరీ కార్డులో వేసి ఇస్తే నెట్ అక్కర్లేదు, డేటా గోల లేదు.

“సార్!” అని అరిచాను. “ఫోన్ వినదు. కాని ముట్టుకుంటే తెలుసుకుంటది!”

ఇక చూడండి మా సందడి. సారు ఆగిన చోటల్లా వీడియో కూడా ఆగేలా చేశాం. పిల్ల తప్పు లైను ముట్టుకుంటే చాక్‌పీసు బొమ్మ దొర్లుకుంటూ వస్తుంది. దానికి సన్నాయి పెడతానన్నాడు ఎడిటర్. చెయ్యి పడిపోతుందని బెదిరించాను. సన్నాయి బదులు సారు గొంతే రికార్డు చేశాం. సరిగ్గా పట్టుకుంటే, “పట్టుకున్నవా! శభాష్ బిడ్డా!” వేరే లైను ముట్టుకుంటే, “గాడ కాదు బిడ్డా. ఫికర్ లేదు, మల్ల చూడు.” అసలు ముట్టుకోకపోతే పాఠం కదలదు. సారు అలా చూస్తూనే ఉంటారు.

కొన్ని పాఠాలు మళ్ళీ మొదటినుంచి తీయవలసి వచ్చింది. ఒకరోజు చదరపు స్థలం పొడవు కనుక్కునే లెక్క చెబుతుంటే, సరిగ్గా ఆఖరి లైనులో రైలు కూతపెట్టింది. రెండోసారీ అంతే. సారుకి విసుగొచ్చి, స్థలం గొడవ తీసేసి, అవే అంకెలతో ‘ఒక సంఖ్యను కనుక్కోండి’ అని మార్చి గబగబా చెప్పేశారు. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆ లెక్క సంగతి గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

చుట్టుపక్కల బడులు కొన్నిటికి మెమరీ కార్డులు పంపాం. ఫిర్యాదు రాకూడదని సారు ప్రార్థనలో చేర్చుకున్నారేమో తెలియదు, నేనైతే కనబడిన దేవుడికల్లా మొక్కుకున్నాను.

అధికారి రావలసిన రోజు వచ్చింది. సారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, చాక్‌పీసు జేబులో పెట్టుకుని, అబ్బాయి పెళ్ళిచూపులకి వచ్చినట్టు గోడవారగా కూర్చున్నారు. ఆవిడ వచ్చి కోడిగుడ్ల ట్రేలను ఒకసారి ఎగాదిగా చూసి, కంప్యూటర్ ముందు కూర్చుంది. బ్రాకెట్ల పాఠాల్లోనే ఆవిడ చూడనిది ఒకటి పెట్టాను. వీడియో ఆగింది. బోర్డు మీద మూడు లైన్లు, పక్కన చేతులు కట్టుకున్న సారు. ఆవిడ ఆలోచించి ఒక లైను నొక్కింది.

“గాడ కాదు బిడ్డా,” అంది కంప్యూటర్. “ఫికర్ లేదు, మల్ల చూడు.”

ఎడిటర్ మొహం తెల్లబోయింది. అంత పెద్ద అధికారిని పట్టుకుని బిడ్డా అనడమా! ఆవిడ తల తిప్పి సారు వైపు చూసింది. సారు నేల వైపు చూశారు. మళ్ళీ నొక్కింది, ఈసారి సరైన చోట. చాక్‌పీసు దొర్లుకుంటూ వచ్చింది. ఆవిడ నవ్వలేదు గానీ ఇంకో పాఠం తనే తెరిచింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. ఎడిటర్ బయటికి వెళ్ళి, వెంటనే లోపలికి వచ్చి, నా చెవిలో గుసగుసలాడాడు. “కొంప మునిగింది మేడం. ఒక తల్లీ బిడ్డ వచ్చిన్రు. పాఠంల తప్పున్నదంట. కంప్లెయింట్ చేస్తరంట. చాయ్ తాపిచ్చి కూసోబెట్టనా, మేడం పోయేదాక?”

గుసగుస అని వాడు అనుకున్నాడు. గదిలో అందరికీ వినబడింది. సారు లేచి నిలబడ్డారు.

“రానియ్యి,” అన్నారు.

తల్లి ఉస్మాన్‌గంజ్‌లో పసుపు దుకాణంలో పనిచేస్తుందట. మధ్యలో లేచి వచ్చినట్టుంది, చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పిల్ల పదో తరగతి. సన్నగా, రెండు జడలతో, ఫోన్ గుండెలకు హత్తుకుని నిలబడింది.

“దండాలు సారూ. దీని లొల్లి పడలేక తోల్కచ్చిన,” అంది తల్లి. “తప్పు పట్టిన అంటది, ఫోన్ కాదంటది. మల్ల నొక్కుతది, మల్ల కాదంటది. వాళ్ళ బళ్ళె సారునడిగితే కార్డు గీడకెల్లి వచ్చిందన్నడు. ఇగ పోదాం పోదాం అని పానం తీసింది.”

సారు పిల్ల దగ్గరికి వెళ్ళారు. “ఏ లెక్క బిడ్డా?”

పిల్ల ఫోన్ చూపించింది. రైలు కూత రోజున మార్చిన లెక్కే అది. ఒక సంఖ్యలోంచి రెండు తీసేసి, వచ్చినదాన్ని మళ్ళీ దానితోనే గుణిస్తే ఇరవై ఐదు. కింద సారు x − 2 = 5 అని రాశారు. దాని కింద x = 3 అని రాశారు. ఆ మూడు కావాలని చేసిన తప్పు, ఏడు రావాలి.

“ఆఖరి లైన్ల తప్పు పట్టిన సార్, చాక్‌పీస్ వచ్చింది,” అంది పిల్ల. అక్కడితో ఆగలేదు. “గని దాని మీది లైన్ల గూడ తప్పున్నది. అయిదు ఒక్కటే రాసిన్రు. మైనస్ అయిదును మైనస్ అయిదుతోని గుణిస్తే గూడ ఇరవై అయిదే గద సార్? అప్పుడు ఏడు ఒక్కటే కాదు, మైనస్ మూడు గూడ జవాబే. గాడ ముట్టుకుంటే గాడ కాదు, గాడ కాదు అంటున్నరు మీరు.”

సారు బోర్డు దగ్గరికి వెళ్ళి ఆ లెక్క రాశారు. రాసి, చాక్‌పీసు పట్టుకుని చూస్తూ నిలబడిపోయారు. అధికారి కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చుంది. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని కాపాడాలని నాకు ఉంది. ఇది కూడా కావాలనే పెట్టాం మేడం అని ఒక్క అబద్ధం ఆడితే గండం గడిచిపోతుంది. కానీ నోరున్న మేడాన్నే అయినా నోరు కట్టేసుకున్నాను. సారు చూపుకి అడ్డం రావడానికి మనసొప్పలేదు.

సారు ఇటు తిరిగారు. నవ్వుతున్నారు.

“పట్టుకున్నవ్ బిడ్డా,” అన్నారు. “గిది నేను కావాలని చేసింది గాదు. నిజంగనే తప్పు చేసిన. మొదట్ల గిది స్థలం లెక్క. స్థలానికి మైనస్ పొడుగు ఉండది గద, అందుకే అయిదు ఒక్కటే రాసుకున్న. స్థలం తీసేసిన గని, మైనస్ సంగతి మర్చిన. ఎవ్వలం చూడలే. నువ్వు చూసినవ్.”

జేబులోంచి చాక్‌పీసు తీసి ఇచ్చారు. పిల్ల రెండు చేతులూ చాచి తీసుకుంది. తీసుకుని కూడా ఊరుకోలేదు. “మరి ఫోన్ల గాడ కాదన్నరు?”

“ఫోన్ల ఉన్నోన్ని గూడ నేనే బిడ్డా. గా తప్పు గూడ నాదే.”

అధికారి అప్పుడు నోరు విప్పింది. “ఇంత పెద్ద సారు చెప్పింది తప్పు అనడానికి నీకు భయం వెయ్యలేదా అమ్మా?”

పిల్ల ఆవిడ వైపు వింతగా చూసింది. “సారే పట్టుకోమన్నడు గద మేడం.”

“గదే మా తిప్పలు,” అంది తల్లి. “ఇంట్ల మా తప్పులు గూడ పట్టుకుంటున్నది ఇప్పుడు.”

ముందు ఎడిటర్ నవ్వాడు, తరవాత నేను, ఆఖరికి అధికారి కూడా. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఇంకో ఫిర్యాదు వస్తే తీసేస్తానన్నాను,” అంది. అందరి నవ్వూ ఆగిపోయింది. “ఫోన్లో పిల్లలు తప్పు అంటే ఎవరు వింటారని కూడా అడిగాను. ఈ పిల్ల వినేవాళ్ళని వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చింది. సారు విన్నారు. పాఠాలు ఉంచండి. కానీ ప్రతి పాఠం చివరా ఒక మాట చేర్చండి. ఫోన్ ఒప్పుకోకపోతే మీ బడిలో సారుకో టీచర్‌కో చెప్పండి అని. ఆ బడుల వాళ్ళకి నేను చెబుతాను, వినమని. ఇక ఈ లెక్క వెంటనే సరిచెయ్యండి.”

“సరిచెయ్యొద్దు మేడం,” అన్నారు సారు. నాకు ఆయన్ని గిచ్చాలనిపించింది. గండం గట్టెక్కాక మళ్ళీ ఇదేమిటి! “తప్పు గట్లనే ఉండనియ్యున్రి. పట్టుకునేటందుకు జాగ ఇయ్యున్రి. చాలు.”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది.

ఆ మధ్యాహ్నమే రికార్డు చేశాం. ఆ పాఠంలో ఇప్పుడు రెండు చోట్ల చాక్‌పీసు దొరుకుతుంది. రెండో చోట ముట్టుకుంటే సారు గొంతు ఇలా వినబడుతుంది: “గిది నేను కావాలని చేసిన తప్పు గాదు బిడ్డా. నాకు గూడ తెల్వకుంట చేసిన. నీ అసొంటి ఒక బిడ్డ వచ్చి చెప్పింది. ఇప్పుడు నువ్వు గూడ పట్టుకున్నవ్.” మధ్యలో ఆయన కొంచెంసేపు ఆగారు. ఎడిటర్ ఆ ఖాళీని కోయలేదు, పక్కన మీట ఉన్నా దాని వైపు చూడలేదు. సారు రిటైరై వెళ్ళిపోయిన రోజున ఆ మీట మీద కాగితం ముక్క అంటించాడు, ఎవరూ నొక్కకుండా.

పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి, ఆబిడ్స్‌లో ఎడిటర్ షట్టర్ ఎత్తాడు. నేనూ రిటైరయ్యాను. ఆ పాఠాలు ఇప్పటికీ బడుల్లో తిరుగుతున్నాయి.

మా మేనకోడలికి మాత్రం ఈ కథ చెప్పేముందే ఒక మెమరీ కార్డు చేతిలో పెట్టి పంపాను. ఆదివారం నాడు ఫోన్ చేసింది.

“అత్తా, నువ్విచ్చిన వీడియో పాడైనట్టుంది. మధ్యలో ఆగిపోయింది. ఆ సారు అట్లనే చూస్తున్నరు.”

“పాడు కాలేదే,” అన్నాను. “నీ కోసమే ఆగిన్రు. బోర్డు చూడు.”